అక్వేరియం మొక్కల గుర్తింపు – 4వ పాఠం: ఆకును ఎక్కడ లెక్కపెట్టాలి?

ఈ పాఠం వాలిస్నేరియా, సాజిటేరియాల కోసం అనుకున్నది. వాటి సంగతీ చూద్దాం, కానీ చివర్లో. మూడో పాఠం అభ్యాసంలో ఒక్కో మొక్కకు ఆకుల అమరిక ఏమిటో, కణుపుకు (కాండం మీద ఆకు పుట్టే చోటు) ఎన్ని ఆకులో రాయమన్నాను. వచ్చిన జవాబులు చూశాక మళ్లీ కణుపు దగ్గరికే వెళ్లక తప్పడం లేదు. కాబొంబాను చక్రీయ అమరిక అని రాశారు. రొటాలాకు కణుపుకు నాలుగాకులని రాశారు. హైడ్రిల్లాకు మూడు రాసి, దాన్ని ఎలోడియా చేసేశారు. ఈ తప్పులు వేరువేరుగా కనిపిస్తాయి గానీ మూలం ఒకటే: ఆకు ఎక్కడ మొదలైందో తేల్చుకోకుండానే లెక్క మొదలుపెట్టడం.

ఏకాంతర (కణుపుకు ఒక ఆకు), అభిముఖ (ఎదురెదురుగా రెండు), చక్రీయ (చుట్టూ మూడు లేదా ఎక్కువ) అంటే ఏమిటో ఇంతకు మించి మళ్లీ చెప్పను. దానికి జోడించాల్సిన నియమం ఒక్కటే. ఆకుల లెక్క కాండానికి అంటుకున్న చోట జరగాలి, కొసల దగ్గర కాదు. కాండం మీద ఒక్కచోట పుట్టింది ఎన్ని చీలికలైనా ఒకే ఆకు.

కాబొంబా కరోలినియానాలో జరిగే మోసం ఇదే. దాని కణుపు దగ్గర మామూలుగా ఎదురెదురుగా రెండే ఆకులుంటాయి. ఒక్కో ఆకుకు ముందు ఖాళీ కాడ ఉంటుంది, సుమారు ఒక సెంటీమీటరు, ఒక్కోసారి అంతకు మించి. ఆ కాడ చివర ఆకు కొన్ని పాయలుగా విడిపోతుంది, ఒక్కో పాయ రెండుగా, అవి మళ్లీ రెండుగా చీలుతూ విసనకర్రలా పరుచుకుంటాయి. ఒక్క ఆకుకే వందకు పైగా కొసలు ఉండొచ్చు. ఇటు సగం వలయం, అటు సగం వలయం కలిసి కాండం చుట్టూ నిండు చక్రంలా కనబడుతుంది. అద్దం బయటి నుంచి చూసేవాళ్లు చక్రీయ అమరిక అనేస్తారు. ఫోన్ ఫొటో చూసి చెప్పేవాళ్లయితే తప్పకుండా అంటారు. అందుకే సన్నని పోగుల ఆకులున్న మొక్కను ఫొటోలో గుర్తించమంటే నేను ఒప్పుకోను.

ఇలా చూడండి. కాండం మధ్యభాగంలో ఒక కణుపు ఎంచుకుని, దానికి పైనా కిందా అర సెంటీమీటరు వదిలి కత్తిరించండి. తెల్ల పళ్లెంలో ఒక సెంటీమీటరు లోతున నీళ్లు పోసి అందులో వేయండి. పొడిపళ్లెంలో వేస్తే పోగులన్నీ ముద్దగా అతుక్కుపోయి ఏమీ తెలియదు. ఒక పోగు కొసను పట్టకారుతో పట్టుకుని, టూత్‌పిక్‌తో పక్కవాటిని తప్పిస్తూ కాండం దాకా రండి. దారిలో ఆ పోగు ఎన్నిసార్లు ఇంకో పోగుతో కలిసిందో, కాండాన్ని చేరేముందు ఖాళీ కాడ ఉందో లేదో చూడండి. తర్వాత దానికి సరిగ్గా ఎదుటివైపు నుంచి మరో పోగుతో ఇదే చేయండి.

కాబొంబా అయితే రెండు దారులూ రెండు కాడల మీదకి చేరతాయి. లిమ్నోఫిలా సెసిలిఫ్లోరా అయితే కాడే ఉండదు. ఆకు కాండం నుంచే నేరుగా పుడుతుంది, నడుమ ఒక ఈనె, దానికి రెండువైపులా ఈకలో ఉన్నట్టు చీలికలు. ఇక్కడ చిన్న చిక్కుంది: చీలికలు మొదట్లోనే మొదలవడం వల్ల కణుపుకు ఆరా, ఎనిమిదా, పన్నెండా అన్నది ఒక్కొక్కరికి ఒక్కోలా వస్తుంది. అంకె కోసం కుస్తీ పట్టకండి. ‘రెండు కంటే ఎక్కువ, కాడ లేదు’ అని రాస్తే నాకు చాలు.

ఎరుపు, ఊదా రంగుల్లో దొరికే కాబొంబా ఫర్కాటాకు కణుపుకు మూడేసి ఆకులు మామూలే. అంటే అది నిజంగానే చక్రీయం. అప్పుడు అంకెను నమ్ముకున్నవాళ్లు మళ్లీ లిమ్నోఫిలా దగ్గర తేలతారు. కాడను చూసినవాళ్లు తప్పరు.

ఇదే పళ్లెంలో ఇంకో రెండు మొక్కలు తేల్చేయొచ్చు. పోగు ఒకటి రెండుసార్లు కవలగా చీలి, వేళ్లకు గరుగ్గా తగిలి, ఎక్కడా వేరు లేకపోతే అది సెరటోఫిలం డెమెర్సం. నడిమి ఈనెకు రెండువైపులా మళ్లీ చీలని ఒంటి పోగులుంటే మిరియోఫిలం.

ఇక రొటాలా దగ్గర వచ్చిన నాలుగు. ఇది నాకు బాగా చిరాకు తెప్పించే తప్పు, ఎందుకంటే కంటికి కనిపించిందే రాశారు, చూసిన దిక్కే తప్పు. రొటాలా అభిముఖ ఆకుల్లో ఒక జత తూర్పు పడమరలుగా ఉంటే, పై జత ఉత్తర దక్షిణాలుగా ఉంటుంది. వెలుతురు బాగా ఉన్న ట్యాంకులో కణుపుల మధ్య దూరం రెండు మూడు మిల్లీమీటర్లకు కుదించుకుపోతుంది. పైనుంచి చూస్తే రెండు జతలు కలిసి నాలుగాకుల చక్రం! రొటాలా రొటుండిఫోలియా, బకోపా, లుడ్విజియా రెపెన్స్ అన్నీ ఇలాగే మోసం చేస్తాయి. కాండాన్ని అడ్డంగా పడుకోబెట్టి పక్కనుంచి చూడండి. అయినా అనుమానముంటే ఒక ఆకు తుంచి, దాని మచ్చ ఉన్న ఎత్తులోనే మిగతా ఆకులున్నాయా, పైనా కిందా ఉన్నాయా చూడండి. కణుపులో మొలిచే పిల్లకొమ్మ ఆకుల్ని కూడా కొందరు కలిపేశారు. ఆకుకూ కాండానికీ మధ్య మూలలోంచి వచ్చింది కొమ్మ, దాన్ని వదిలేయండి.

రొటాలా అనగానే ఇంకో మాట. ‘రొటాలా ఇండికా’ పేరుతో అమ్మేది చాలావరకు రొటుండిఫోలియానే. పూస్తే తేలిపోతుంది: రొటుండిఫోలియాకు గులాబీ రంగు పూలు కొమ్మ కొసన కంకిలా వస్తాయి, అసలు ఇండికాకు ఆకుల మూలల్లో పూస్తాయి. పూత లేనప్పుడు పేరు పక్కన ప్రశ్నార్థకం పెట్టండి, తప్పేం లేదు.

హైడ్రిల్లా, ఎజీరియా, ఎలోడియా. మామూలుగా కణుపుకు ఆకులు ఎలోడియా కెనడెన్సిస్‌కు మూడు, ఎజీరియా డెన్సాకు నాలుగు, హైడ్రిల్లాకు ఐదు. ఈ ‘మామూలుగా’ అన్న మాటను మీరు దాటేశారు. హైడ్రిల్లా మూడు నుంచి ఎనిమిది దాకా పోతుంది, ఎజీరియా మూడు నుంచి ఆరు దాకా. అడుగు కణుపుల్లో లెక్క తగ్గుతుంది, కొసన అన్నీ ఒకదాని మీద ఒకటి ఇరుక్కుని ఉంటాయి. అందుకే కాండాన్ని మూడు భాగాలు చేసి, నడిమి భాగంలో ఐదు కణుపులు లెక్కపెట్టి, ఎక్కువసార్లు వచ్చిన అంకె తీసుకోండి. ఆ తర్వాత కూడా సందేహముంటే ఆకు అంచు చూడండి. హైడ్రిల్లా అంచు పళ్లు మామూలు కంటికే కనిపిస్తాయి, ఆకు అడుగున నడిమి ఈనె మీద కూడా చిన్న ముళ్లు ఉండొచ్చు, వేలికి గరుకు తెలుస్తుంది. మిగతా రెండింటికీ అంచు పళ్లు చూడాలంటే భూతద్దం కావాలి. మట్టిలో పాకే కాండం కొసన బఠాణీ గింజంత దుంప దొరికితే ఇక వాదన లేదు, హైడ్రిల్లానే. దాన్ని కాలువల్లో, చెరువుల్లో పారేయకండి, చిన్న ముక్క చాలు మళ్లీ అల్లుకోవడానికి.

రంగును నేను లెక్కలోకే తీసుకోను. వెలుతురు, పోషకాలు మారితే అదే కాండం ఎర్రబడుతుంది, పచ్చబడుతుంది. కొత్తగా కొన్న మొక్క ఆకు ఆకారాన్నీ అంతే. నర్సరీలో చాలా మొక్కల్ని నీటిపైన పెంచుతారు. హైగ్రోఫిలా డిఫార్మిస్ అక్కడ అంచు పళ్లున్న నిండు ఆకుతో ఉండి, మీ ట్యాంకులో మునిగాక ఈకలా చీలిన ఆకు వేస్తుంది. జతలు మాత్రం జతలుగానే ఉంటాయి. నీటిలో పుట్టిన ఆకులు కనీసం నాలుగైదు కణుపుల మేర వచ్చేదాకా ఆకారం గురించి రాయకండి.

ఇప్పుడు వాలిస్నేరియా, సాజిటేరియా. రెండూ నేల నుంచి పట్టీల్లా లేచే ఆకులే, కాండం కనిపించదు. ఆకు కొస దగ్గర అంచును వేలితో కొస నుంచి మొదటివైపు నెమ్మదిగా రుద్దండి. సన్నని పళ్లు తగిలితే వాలిస్నేరియా. తగలకపోతే తొందరపడొద్దు, సన్నాకు వాలిస్నేరియా రకాల్లో పళ్లు తెలిసీ తెలియనట్టుంటాయి. అప్పుడు ఒక ముదురు ఆకును మొదట్లో తెంపండి. తెల్లని పాలు ఊరితే సాజిటేరియా. సాజిటేరియా సుబులాటా అప్పుడప్పుడు నీటి మీద తేలే కోలాకులు కూడా వేస్తుంది, వాలిస్నేరియా ఎప్పుడూ వేయదు. పూత దగ్గర ఇంకా సులువు: వాలిస్నేరియా ఆడపువ్వు పొడవాటి సన్నని కాడ మీద నీటి మట్టం దాకా వస్తుంది, సాజిటేరియాది మూడు రేకుల తెల్ల పువ్వు.

అభ్యాసం. పోగుల ఆకులున్నవి రెండు, మామూలు ఆకులున్నవి రెండు, మొత్తం నాలుగు జాతులు తీసుకోండి. ఒక్కోదాని నుంచి మూడేసి కణుపులున్న ముక్కలు ఐదు, కొసలు తీసేసి, ఇంకొకరి చేత కత్తిరించి కలిపించండి. ఇరవై ముక్కల్నీ పళ్లెంలోనే, ఒక్కోదాన్ని విడిగా చూసి నాలుగు గడులు నింపండి: అమరిక, కణుపుకు ఆకులు, కాడ ఉందా, చీలిక తీరు. జాతి పేరు అన్నిటికన్నా చివర రాయాలి. ఒకే జాతి ముక్కలకు కాడ గడిలో రెండు రకాల జవాబులు వస్తే, ఆ జాతి ముక్కలు ఐదూ మళ్లీ మొదటి నుంచి చూడండి.