హైవే దిగే చోట యాప్ తికమక పెడుతోందా? ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఎగ్జిట్ సమస్యలు, పరిష్కారాలు

కర్నూలు, డోన్, గుత్తి మీదుగా అనంతపురం పోయే 44వ జాతీయ రహదారి మీద ఆస్మాండ్, ఆర్గానిక్ మ్యాప్స్ లాంటి యాప్ పెట్టుకుని పోతుంటే, దిగాల్సిన చోట అది తప్పు చెప్పిందనుకోండి. అందరూ ముందు ఫోన్‌నే తిడతారు. కానీ లోపం చాలాసార్లు మ్యాప్ డేటాలోనే ఉంటుంది. ఆ డేటా ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌ది. 2004లో మొదలైన ఆ మ్యాప్‌ను గీసేది జనమే కాబట్టి, అకౌంట్ తెరిస్తే మనమూ దిద్దవచ్చు.

ఎగ్జిట్ సమాచారం రెండు చోట్ల ఉంటుంది. హైవే గీత నుంచి పక్కదారి చీలే చోట ఒక పాయింటు పెడతారు, దాని ట్యాగ్ (అదేమిటో చెప్పే చీటీ) 'మోటర్‌వే జంక్షన్'. ఎగ్జిట్ నంబరు, జంక్షన్ పేరు దాని మీదే రాయాలి. అక్కడి నుంచి దిగే చిన్న రోడ్డు 'లింక్'. అది ఏ ఊరికి పోతుందో లింక్ మీద, 'డెస్టినేషన్' ట్యాగ్‌లో రాయాలి. మన హైవేలను ఎక్కువగా ట్రంక్ (పెద్ద ముఖ్య రోడ్డు) రకంగా వేస్తారు కాబట్టి ఇక్కడ కనిపించేది ట్రంక్ లింక్. పాయింటు పేరులో మోటర్‌వే అని ఉన్నా ట్రంక్ రోడ్డు మీద కూడా పెట్టవచ్చు. వెబ్‌సైట్‌లో ప్రశ్న గుర్తు బటన్ నొక్కి ఆ చోట క్లిక్ చేస్తే ఏ ట్యాగ్ దేని మీద ఉందో తెలిసిపోతుంది.

సమస్య: "ఎగ్జిట్ 44" అంటుంది, అక్కడ అలాంటి బోర్డే లేదు

ఎవరో పాయింటు మీది 'రెఫ్' ట్యాగ్‌లో రోడ్డు నంబరు వేసి ఉంటారు. కొందరు కిలోమీటరు రాయి మీది అంకె కూడా వేస్తారు. ఆ గడి బోర్డు మీద కనిపించే ఎగ్జిట్ నంబరుకు మాత్రమే. బోర్డు మీద నంబరు లేకపోతే రెఫ్ తీసేయండి, పాయింటు మాత్రం ఉంచండి. కర్నూలు నుంచి ఒకటి, రెండు అని మీరే లెక్కపెట్టి వేయకండి, రోడ్డు మీద లేనిది మ్యాప్‌లో ఉండకూడదు. దిగాక ఎక్కే రోడ్డు నంబరు చెప్పాలంటే లింక్ మీద 'డెస్టినేషన్ రెఫ్' ఉంది. అక్కడ పాత నంబర్లు మిగిలిపోయాయేమో కూడా చూడండి. 2010లో నంబర్లు మార్చినప్పుడు ఇక్కడి 7వ నంబరు రోడ్డు 44లో కలిసింది, కర్నూలు నుంచి నంద్యాల, మైదుకూరు, కడప మీదుగా పోయే 18వ నంబరు 40 అయింది.

సమస్య: దిగే చోటు దాటాక చెబుతుంది

అన్నిటికంటే టెన్షన్ పెట్టేది ఇదే. యాప్ ఎప్పుడు చెప్పాలనేది లింక్ హైవే గీతకు ఎక్కడ అతుక్కుందో దాన్నిబట్టి ఉంటుంది. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 22 మీటర్లు పోతుంది. లింక్‌ను అసలు చోటు దాటాక 100 మీటర్ల అవతల గీస్తే నాలుగున్నర సెకన్లు పోయినట్టే.

మన దగ్గర ఈ తప్పు ఎక్కువగా సర్వీస్ రోడ్డు దగ్గర జరుగుతుంది. హైవేకీ సర్వీస్ రోడ్డుకీ మధ్య బారికేడ్ ఉంటుంది, ఒకచోట ఖాళీ వదులుతారు. గీసేవాళ్లు ఆ ఖాళీ చివర్లో రెండు గీతలనూ అడ్డంగా ఒక పుల్లముక్కతో కలిపేస్తారు. యాప్‌కు అది లంబకోణం మలుపులా కనిపించి, హైవే దిగమనే బదులు "ఎడమకు తిరగండి" అంటుంది. ఉపగ్రహ చిత్రంలో బండ్లు పక్కకు మళ్లడం ఎక్కడ మొదలవుతుందో చూసి లింక్‌ను అక్కడి నుంచి ఏటవాలుగా గీయండి. పాయింటును కూడా అక్కడికే జరపండి. చిత్రం పాతదైతే, ఈమధ్య ఆ దారిన పోయినవాళ్లు చెప్పిందే నమ్మండి.

సమస్య: దిగమనే అనదు, ఎంతో దూరం పోయి యూటర్న్ తీసుకోమంటుంది

లింక్ గీత హైవేను తాకినట్టు కనిపిస్తుంది కానీ రెండింటికీ ఉమ్మడి పాయింటు ఉండదు. లేదా వన్‌వే బాణం తిరగబడి ఉంటుంది. కలపండి, బాణం తిప్పండి. అయితే ఫ్లైఓవర్ దగ్గర తొందరపడకండి. పైరోడ్డు, కిందిరోడ్డు గీతలు ఒకదాన్నొకటి దాటినా కలవకపోవడమే అక్కడ సరైనది. వాటిని కలిపితే యాప్ బండిని వంతెన మీద నుంచి కిందికి తిప్పేస్తుంది.

సమస్య: ఎగ్జిట్ అంటుంది, ఊరి పేరు చెప్పదు

పేరు పాయింటు మీద 'ఎగ్జిట్ టు' అనే పాత ట్యాగ్‌లో ఉండిపోయి ఉంటుంది. దాన్ని లింక్ మీది డెస్టినేషన్‌లోకి మార్చండి. ఉదాహరణకు గుత్తి దగ్గర బోర్డు మీద తాడిపత్రి, గుంతకల్లు రెండూ ఉంటే, మధ్యలో సెమీకోలన్ పెట్టి రెండూ రాయండి. డెస్టినేషన్ రెఫ్‌లో 67వ జాతీయ రహదారి నంబరు రాయండి. బోర్డు మీద లేని ఊరు మీకు ఎంత ముఖ్యమైనదైనా వద్దు.

సమస్య: సర్వీస్ రోడ్డులో ఉంటే ఫ్లైఓవర్ మీద ఉన్నారంటుంది

ఇది జీపీఎస్ కొన్ని మీటర్లు అటూఇటూ కావడం వల్ల. మ్యాప్‌లో గీతలు జరిపితే ఇంకా పాడవుతుంది.

సమస్య: దిద్దాను, యాప్ మారలేదు

వెబ్‌సైట్‌లో మార్పు కనిపించినా ఆఫ్‌లైన్ యాప్‌కు కొత్త ఫైలు దించుకోవాలి. ఆ ఫైలు తయారయ్యేదాకా ఓపిక పట్టాల్సిందే.

గూగుల్ మ్యాప్స్ చూసి ఏదీ ఎక్కించకండి, లైసెన్స్ ఒప్పుకోదు. ఎడిటింగ్ చేతకాకపోతే అదే వెబ్‌సైట్‌లో ఆ చోట నోట్ పెట్టినా చాలు. "ఎగ్జిట్ తప్పు" అని వదిలేస్తే ఎవరికీ అర్థం కాదు. ఏ వైపు నుంచి వస్తున్నారు, బోర్డు మీద ఏముంది, బారికేడ్ ఖాళీ వంతెనకు ముందా, తర్వాతా అన్నది రాయండి.