అనుకున్న రంగే అచ్చులో రావాలంటే స్పాట్ కలర్ ఎలా పెట్టాలి?

స్వీట్ షాపు డబ్బా ఒకటి డిజైన్ చేశారనుకుందాం. స్క్రీన్ మీద నారింజ రంగు భగ్గుమంటోంది. ప్రెస్ నుంచి వచ్చిన డబ్బా చూస్తే అదే రంగు నీరసంగా, మట్టి కలిసినట్టు ఉంది. మెషిన్ తప్పేమీ లేదు. ఫోర్ కలర్‌లో సయాన్, మెజెంటా, పసుపు, నలుపు చుక్కలతోనే అన్ని రంగులూ తెప్పించాలి. గాఢమైన నారింజ, కొన్ని నీలాలు ఆ చుక్కలకు అందవు. బంగారు మెరుపైతే అసలే రాదు. అలాంటప్పుడు ఆ రంగు ఇంకునే విడిగా కలిపి, దానికో ప్లేట్ (ఒక్కో ఇంకును అచ్చు వేసే రేకు) పెట్టి వేస్తారు. సాఫ్ట్‌వేర్‌లో స్పాట్ కలర్ అనేది దీన్నే. ప్రెస్‌లో స్పెషల్ కలర్ అంటారు.

1. ముందు కాగితం తేల్చుకోండి, తర్వాతే రంగు. 1963లో మొదలైన పాంటోన్ పద్ధతిలో ప్రతి రంగుకూ ఒక నంబరుంటుంది. నంబరు చివర సి ఉంటే నున్నటి ఆర్ట్ పేపర్, యు ఉంటే మ్యాప్‌లిథో లాంటి మామూలు కాగితం. ఇంకు ఒకటే, కానీ మామూలు కాగితం దాన్ని పీల్చేసుకుంటుంది కాబట్టి రంగు దిగిపోతుంది. నంబరును స్క్రీన్ మీద కాకుండా షేడ్ పుస్తకంలో చూసి ఎంచుకోండి. ఏళ్ల తరబడి ఎండ తగిలిన పుస్తకాన్ని మాత్రం నమ్మొద్దు.

2. అడోబీ వారి డిజైన్ సాఫ్ట్‌వేర్ ఇలస్ట్రేటర్‌లో న్యూ స్వాచ్ (స్వాచ్ అంటే పేరు పెట్టి దాచుకునే రంగు) తెరిచి, కలర్ టైప్ దగ్గర స్పాట్ కలర్ పెట్టండి. 2022 చివర్లో అడోబీ చాలా పాంటోన్ లైబ్రరీలను తీసేసింది. అందువల్ల చాలాసార్లు పేరు, ల్యాబ్ విలువలు (రంగును కొలిచి చెప్పే L, a, b అనే మూడు అంకెలు) మనమే ఎక్కించుకోవాలి.

అసలు తలనొప్పి ఆ పేరుతోనే. సాఫ్ట్‌వేర్‌కు పేరే రంగు. లోగోలో ‘ఆరెంజ్ 021 సి’, డబ్బా అంచులో ‘ఆరెంజ్ 021’ అని ఉంటే కంటికి ఒకటే, మెషిన్‌కి రెండు. నేనొకసారి చూసుకోకుండా ఫైల్ పంపితే అయిదు రావాల్సిన ప్లేట్లు ఆరొచ్చాయి. ఆరో ప్లేటు డబ్బులు నా జేబులోంచే పోయాయి. స్పెల్లింగు, మధ్యలో ఖాళీ, చివరి అక్షరం అన్ని ఫైళ్లలోనూ ఒకేలా ఉండాలి. పేజీలు పేర్చే ఇన్‌డిజైన్‌లోనైతే ఇంక్ మేనేజర్‌లోకి వెళ్లి ఒక పేరును రెండోదానికి అలియాస్‌గా కలిపేయొచ్చు. లేత షేడ్ కావాలంటే కొత్త రంగు చేయకండి, అదే స్వాచ్‌ను 40 శాతానికో 20 శాతానికో తగ్గించండి. ఇంకో ప్లేట్ పడదు.

3. పీడీఎఫ్ చేసేటప్పుడు కలర్ కన్వర్షన్ దగ్గర ‘నో కన్వర్షన్’ పెట్టండి. తర్వాత అక్రోబాట్‌లో అవుట్‌పుట్ ప్రివ్యూ తెరిచి, ఒక్కో ప్లేట్‌నూ ఆపి చూడండి. నారింజ ప్లేట్ ఆపగానే లోగో పూర్తిగా మాయమైపోవాలి. ఇంకా లీలగా కనిపిస్తోందంటే ఎక్కడో ఫోర్ కలర్ నారింజ దాగి ఉన్నట్టే.

4. డిజిటల్ ప్రింటరైతే ప్లేట్లుండవు. దాని రిప్ సాఫ్ట్‌వేర్ (ఫైల్‌ను ప్రింటర్ వేయగల చుక్కలుగా మార్చేది) రంగు పేరును తన పట్టికలో వెతుక్కుని, ఉన్న ఇంకులతోనే దగ్గరి రంగు తెస్తుంది. పేరు దొరక్కపోతే ఫైల్‌లో ఉన్న విలువలతో సరిపెట్టేస్తుంది. కంపెనీ సొంత రంగైతే ఆ పేరును పట్టికలో చేర్చించి, నమూనాను రంగు కొలిచే స్పెక్ట్రోఫోటోమీటర్‌తో కొలిచిన ల్యాబ్ విలువలు ఇవ్వాలి. కొద్దికొద్ది తేడాలతో గళ్లు ప్రింట్ తీసి, దగ్గరగా ఉన్నదాన్ని ఖాయం చేయాలి. కాగితం మారితే ఇదంతా మళ్లీ మొదటికి.

5. ప్లేట్లతో వేసే ఆఫ్‌సెట్‌లో ఇంకు కలిపాక, మీ కాగితం మీదే పూసి చూపించమనండి. తడి మీద ఓకే చెప్పొద్దు. ఆరాక రంగు మారుతుంది, రిఫ్లెక్స్ బ్లూ అనే ముదురు నీలం లాంటివి ఆరడానికి బాగా టైమ్ తీసుకుంటాయి. లామినేషన్ ఉంటే అది కూడా వేయించి చూడండి. ప్రెస్ ట్యూబ్‌లైటు కింద కాకుండా నీడపట్టున పగటి వెలుతురులోనో, 5000 కెల్విన్ లైటు కిందో చూడాలి. నచ్చిన ముక్క వెనక తేదీ, కాగితం పేరు, నంబరు రాసి సంతకం పెట్టి, ఒకటి ప్రెస్‌కిచ్చి ఇంకొకటి నల్ల కవర్లో మీ దగ్గర దాచుకోండి.