బూజు జైలనేజ్ వేడిని ఎలా తట్టుకుంటుంది: నిర్మాణంలో చూసి, ట్యూబులో తేల్చుకునే పద్ధతి

థెర్మోమైసిస్ లానుగినోసస్ కంపోస్టు కుప్పల వేడిలో పెరిగే బూజు. దాని జైలనేజ్ (మొక్కల గోడలోని జైలాన్‌ను విడగొట్టే ఎంజైము) స్ఫటిక నిర్మాణం ప్రొటీన్ నిర్మాణాల భాండాగారమైన పీడీబీలో 1వైఎన్ఏ పేరుతో, 1.55 ఆంగ్‌స్ట్రాముల రిజల్యూషన్‌తో ఉంది. పోలికకు ట్రైకోడెర్మా రీసీ జైలనేజ్-2, అంటే 1ఈఎన్ఎక్స్ తీసుకోండి. రెండూ జీహెచ్11 అనే ఎంజైము కుటుంబానివే, మడత కూడా ఒకటే. తేడా చిన్న చిన్న చోట్ల ఉంటుంది.

ప్రొటీన్ నిర్మాణాలు చూపే పైమాల్ సాఫ్ట్‌వేర్‌లో రెండు ఫైళ్లూ తెరిచి, ఒక్కో గొలుసే ఉంచి, ఒకదాని మీద ఒకటి అలైన్ చేయండి. అమైనో ఆమ్లాల వరుసలో 110, 154 స్థానాలకు జూమ్ చేయండి. 1వైఎన్ఏలో అక్కడ రెండు సిస్టీన్లు డైసల్ఫైడ్ (గంధకం-గంధకం) బంధంతో బీటా పోగును ఆల్ఫా హెలిక్స్‌కు కట్టేశాయి. రీసీలో అవే చోట్ల సెరీన్, ఆస్పరాజీన్ ఉన్నాయి, బంధం లేదు. గంధకాల మధ్య దూరం కొలిస్తే సుమారు 2.05 ఆంగ్‌స్ట్రాములు రావాలి. ఎక్కువ వస్తే ఎలక్ట్రాన్ డెన్సిటీ మ్యాపు కూడా చూడండి. ఎక్స్‌రే తాకిడికి ముందు దెబ్బతినేవాటిలో డైసల్ఫైడ్ ఒకటి. బీ-ఫ్యాక్టర్లను (పరమాణువుల కదలికను సూచించే అంకెలను) మాత్రం రెండు ఫైళ్ల మధ్య నేరుగా పోల్చకండి, రిజల్యూషన్ మారితే అవీ మారతాయి. ఒక్కో నిర్మాణంలో సగటుతో నార్మలైజ్ చేశాకే చూడండి.

ఈ బంధమే వేడిని తట్టుకునే బలం ఇస్తోందన్నది ఇంతవరకూ ఊహే. దాన్ని పరీక్షించాలి.

ప్రొటీన్ మడత ఏ వేడికి విప్పుకుంటుందో చూపే థర్మల్ షిఫ్ట్ పరీక్షకు 25 మైక్రోలీటర్ల మిశ్రమం చాలు: ఎంజైము మి.లీ.కు 0.1–0.2 మి.గ్రా., విప్పుకున్న ప్రొటీన్‌కు అంటుకుని వెలిగే సైప్రో ఆరెంజ్ రంగు 5ఎక్స్, ఫాస్ఫేట్ బఫరు. ట్రిస్ బఫరు వద్దు. వేడెక్కేకొద్దీ దాని పీహెచ్ డిగ్రీకి దాదాపు 0.03 చొప్పున పడిపోతుంది, మీరు కొలిచేది వేరే పీహెచ్‌లో అవుతుంది. రియల్-టైమ్ పీసీఆర్ యంత్రంలో 25 నుంచి 95 డిగ్రీల వరకు నిమిషానికి ఒక డిగ్రీ పెంచండి. మొదటి నుంచే ఫ్లోరెసెన్స్ ఎక్కువగా ఉంటే డిటర్జెంటు మిగిలి ఉండొచ్చు, లేదా ప్రొటీన్ అప్పటికే గడ్డకట్టి ఉండొచ్చు.

ప్లేటులోని పక్క బావుల్లో డైసల్ఫైడ్ బంధాన్ని తెంచే డీటీటీ 10 మి.మోలార్ కలపండి. 1వైఎన్ఏ ఎంజైము టీఎం (సగం ప్రొటీన్ విప్పుకునే ఉష్ణోగ్రత) పడిపోయి, రీసీది కదలకపోతే మీ ఊహకు బలం దొరికినట్టే. ఏమీ మారకపోయినా తొందరపడి కొట్టేయకండి. మడతలో దాగిన బంధానికి డీటీటీ అందకపోవచ్చు.

టీఎం ఒక్కటే చాలదు. 65 డిగ్రీల్లో ఉంచి, 0, 5, 10, 20, 40 నిమిషాలకు కొంచెం తీసి వెంటనే ఐసులో పెట్టండి. తర్వాత 1 శాతం జైలాన్‌తో 50 డిగ్రీల్లో 10 నిమిషాలు ఉంచి, విడుదలైన చక్కెరతో రంగు ఇచ్చే డీఎన్ఎస్‌తో మరిగించి 540 నానోమీటర్ల దగ్గర కాంతి శోషణ చదవండి. మిగిలిన చర్య సహజ లాగరిథమ్‌ను కాలంతో గీస్తే వాలు వస్తుంది. 0.693ను ఆ వాలు పరిమాణంతో భాగిస్తే అర్ధాయువు, అంటే చర్య సగానికి తగ్గే సమయం. గీత వంగితే అర్ధాయువు ఒక్క అంకెలో చెప్పకండి. ఈ నమూనాల్లో డీటీటీ ఉండకూడదు: అది డీఎన్ఎస్‌ను తానే క్షయకరిస్తుంది, ఎంజైము లేని ట్యూబులో కూడా రంగు వస్తుంది.