ముల్లు లేస్తుంది, కిలోమీటర్ అంకెలు కదలవు: పాత కేబుల్ మీటర్‌కు నాకు పనిచేసిన పద్ధతి

నా పాత బండి స్పీడోమీటర్ గేర్‌బాక్స్ నుంచి వచ్చే తిరిగే కేబుల్‌తో నడిచేది. స్పీడు ముల్లు మామూలుగానే లేస్తుంది, కిలోమీటర్ అంకెలూ ట్రిప్ అంకెలూ ఆగిపోయాయి. కొత్త కేబుల్, గ్రీజు, గేర్‌బాక్స్ దగ్గర పినియన్ (కేబుల్‌ను తిప్పే చిన్న పళ్లచక్రం) తనిఖీ, మూడూ వృథా. ముల్లు లేస్తోందంటే కేబుల్ బాగున్నట్టే. ముల్లును అయస్కాంతం లాగుతుంది, అంకెల్ని పళ్లచక్రాలు తిప్పుతాయి. తప్పు ఆ చక్రాల్లోనే ఉంటుంది.

బ్యాటరీ నెగటివ్ తీసి, మీటర్ బయటికి తీసి, ముందు రీడింగ్ ఫొటో తీసుకోండి. ముల్లు పీకొద్దు. వెనక కేబుల్ దూరే చతురస్రపు రంధ్రాన్ని చేత్తో తిప్పితే పక్కనున్న గేర్ (పళ్లచక్రం) తిరిగింది, అంకెల మధ్య ఉన్న సన్నని ఇరుసు మాత్రం కదల్లేదు. ఇరుసు మీద గేర్ పట్టు వదిలేసింది.

ఇరుసును గేర్ కూర్చునే చోటు కనబడేంత వరకే పక్కకు నెట్టాను. అక్కడ బ్లేడుతో మూడు నాలుగు గీతలు పెట్టి, స్పిరిట్‌తో తుడిచి, సూదిమొనంత అరల్డైట్ (రెండు ట్యూబులు కలిపి వాడే జిగురు) రాసి, గేర్‌కు వెనక ఆనుపు పెట్టి ఇరుసును మళ్లీ దాని చోటికి నెట్టాను. 24 గంటలు కదపలేదు. ఫెవిక్విక్ వద్దు: అంకెల్లోకి పాకుతుంది, దాని ఆవిరి డయల్‌పై తెల్లగా పడుతుంది.

బిగించే ముందు డ్రిల్లుతో, ముల్లు లేచే వైపే, నెమ్మదిగా తిప్పండి. ముల్లు 60 దగ్గర నిలిపితే నిమిషానికి సుమారు 1 కిలోమీటరు పెరగాలి.

గేర్ పళ్లే విరిగితే ఇది పనికిరాదు, గేర్ మార్చాల్సిందే. ఎలక్ట్రానిక్ మీటర్లకూ వర్తించదు. బండి కదులుతుండగా ట్రిప్ బటన్ నొక్కకండి, ఇరుసు మీద గేర్ జారడానికి అదీ ఒక కారణం.