కావేరి నీళ్లు, బోరు నీళ్లు: వేరియబుల్స్ అర్థమయ్యే సబ్బు నురగ ప్రయోగం

బెంగళూరులో సైన్స్ ప్రాజెక్టుకు కొనాల్సినవి తక్కువగా ఉండే ప్రశ్న ఇది: సబ్బు ఏ నీళ్లలో ఎక్కువ నురుగుతుంది? మనం కావాలని మార్చేది నీళ్లు, అది స్వతంత్ర చరరాశి (ఇండిపెండెంట్ వేరియబుల్). కొలిచేది నురగ ఎత్తు, అది ఆధారిత చరరాశి (డిపెండెంట్ వేరియబుల్). సబ్బు, సీసా, వేడి, కుదుపు మాత్రం మారకూడదు.

పైపులో వచ్చే కావేరి నీళ్లు సంప్‌లో పడకముందే పట్టండి. బోరు, ట్యాంకరు నీళ్లతో కలిశాక అవి ఈ ప్రయోగానికి పనికిరావు. పోలికకు బ్యాటరీ షాపు డిస్టిల్డ్ వాటర్ ఉంచుకోండి. 2 గ్రాముల సబ్బు తురుమును 100 మి.లీ. గోరువెచ్చని డిస్టిల్డ్ వాటర్‌లో కరిగించండి. రేపర్ మీద ‘టాయిలెట్ సోప్’ అని ఉన్నదే తీసుకోండి. షాంపూ, గిన్నెల లిక్విడ్ బోరు నీళ్లలోనూ బాగానే నురుగుతాయి, తేడా తెలియదు.

ఒకే రకం 250 మి.లీ. సోడా సీసాలు మూడింటిలో 50 మి.లీ. చొప్పున నీళ్లు, సిరంజితో 10 మి.లీ. సబ్బు ద్రవం పోయండి. చల్లారితే ద్రవం జెల్లీలా గడ్డకట్టొచ్చు, అందుకే మూడింటికీ ఒకేసారి తీయాలి. ఎక్కువమంది తప్పేది కుదుపు దగ్గరే: మొదటి సీసాకు ఉన్న ఊపు మూడోదానికి ఉండదు. మూడింటినీ టేపుతో కట్టేసి కలిపే 20 సార్లు ఊపండి. నిమిషం ఆగి, నీటి మట్టం నుంచి నురగ పైదాకా స్కేలుతో కొలవండి. సీసాలు కడిగి, కొత్త నీళ్లతో మరో రెండుసార్లు చేసి సగటు తీయండి.

బోరు నీళ్లలో నురగ తగ్గి, తెల్లటి తెట్టు కట్టిందనుకుందాం. కాఠిన్యమే (నీళ్లలో కరిగిన కాల్షియం, మెగ్నీషియం లవణాలే) కారణమని రాసేయకండి. ఆ రెండు నీళ్లకూ లవణాలు, క్లోరిన్, ఇనుము ఇలా చాలా తేడాలుంటాయి. మీరు మార్చింది ఒక్క చరరాశి కాదు, ఒక మూట.

మూట విప్పాలంటే లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో 5 గ్రాముల ఎప్సమ్ సాల్ట్ (మెగ్నీషియం సల్ఫేట్) కరిగించండి. ఆ ద్రవం ఒక సీసాలో 0, ఒకదానిలో 5, ఇంకోదానిలో 15 మి.లీ. పోసి, డిస్టిల్డ్ వాటర్‌తో 50కి నింపండి. ఆపై ముందులాగే సబ్బు ద్రవం పోసి, ఊపి, కొలవండి. ఆ నీళ్ల కాఠిన్యం, కాల్షియం కార్బనేట్ లెక్కలో, లీటరుకు సుమారు 0, 200, 600 మి.గ్రా. అవుతుంది. తాగునీటికి భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 చెప్పే హద్దులు కూడా 200, 600లే. ఇక్కడ మారేది మెగ్నీషియం సల్ఫేట్ ఒక్కటే కాబట్టి, నురగ మెట్లు మెట్లుగా పడిపోతే కాఠిన్యం పేరు ధైర్యంగా రాయొచ్చు.

ఓపికుంటే బోరు నీళ్లు మరిగించి, చల్లార్చి, వడగట్టి మళ్లీ చూడండి. బైకార్బనేట్ల వల్ల వచ్చిన కాఠిన్యం తగ్గుతుంది, సల్ఫేట్లదీ క్లోరైడ్లదీ పోదు. ఆవిరైన మేరకు డిస్టిల్డ్ వాటర్ కలిపి పాత కొలతకు తేవాలి. లేకపోతే మిగిలిన లవణాలు చిక్కబడి, మీకు తెలియకుండానే ఇంకో చరరాశి చొరబడుతుంది.