దేవుడి ఉనికిపై వాదాన్ని తర్కంతో పరీక్షించే విధానం

ముందుగా వాదాన్ని ప్రతిజ్ఞ (నిరూపించదలచిన మాట), హేతువు (దానికి చూపే కారణం), ఉదాహరణలుగా విడదీయాలి. కుండకు కుమ్మరి ఉన్నట్లే, కార్యమైన, అంటే ఏదో కారణం వల్ల పుట్టిన ఈ జగత్తుకూ కర్త ఉండాలని నైయాయికులు, అంటే న్యాయ దర్శనానికి చెందిన తార్కికులు, చేసే అనుమానాన్నే (హేతువు నుంచి నిర్ణయానికి రావడాన్ని) తీసుకుంటే, జగత్తు అసలు కార్యమేనని ప్రతివాది ఒప్పుకుంటాడా అన్నది మొదట తేల్చుకోవాలి, మరో దర్శనానికి చెందిన మీమాంసకులు ఒప్పుకోలేదు. తర్వాత వ్యాప్తిని, అంటే హేతువు ఉన్న ప్రతిచోటా నిరూపించదలచినదీ ఉంటుందన్న నియమాన్ని, పరీక్షించాలి. కుమ్మరి మట్టిని సృష్టించడు, నైయాయికుల ఈశ్వరుడూ పరమాణువులను సృష్టించడు కనుక అంతవరకు పోలిక కుదురుతుంది; కానీ కుమ్మరికి శరీరం ఉంది, అతడు సర్వజ్ఞుడు కాడు. నా దృష్టిలో అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. అయితే వాదం వీగిపోయినంత మాత్రాన దేవుడు లేడని రుజువైనట్లు రాసుకోకూడదు.

నిర్వచనం నుంచే ఉనికిని రాబట్టే వాదం ఎదురైతే, ఉనికి ఒక గుణం కాదని 1781లో జర్మన్ తత్వవేత్త కాంట్ లేవనెత్తిన అభ్యంతరానికి అది నిలుస్తుందేమో చూడాలి. దేవుడి ఉనికికి తర్కవేత్త గోడెల్ రాసిన ఇలాంటి నిరూపణకు మరో తర్కవేత్త డానా స్కాట్ ఇచ్చిన రూపాన్ని 2013లో కంప్యూటర్‌తో సరిచూసినప్పుడు తేలింది, ఆధారవాక్యాల నుంచి ముగింపు వస్తుందనే గానీ ఆ వాక్యాలు నిజమని కాదు.