క్లినిక్‌లో చేరిన జూనియర్ డాక్టర్‌కి పని ఎట్ట నేర్పించాలి

హౌస్ సర్జన్సీ అయిపోయి పీజీ ఎంట్రన్స్‌కి చదువుకుంటా ఆరు నెలలో ఏడాదో పని చేద్దామని వచ్చే పిల్ల డాక్టర్లు మా కావలి, కందుకూరు, ఒంగోలు లాంటి ఊళ్ళలో ఏ క్లినిక్‌లో చూసినా ఒకరో ఇద్దరో ఉంటారు. మనం చేసేది ఏందంటే మొదటి రోజే కుర్చీలో కూర్చోబెట్టి నువ్వు చూసుకో నేను పెళ్ళికి పోయొస్తానంటాం, లేదంటే ఏడాదంతా బీపీలు చూపించి పంపించేస్తాం. రెండూ తప్పే. కావలిలో చిన్న క్లినిక్ నడుపుతా నా దగ్గర చేరిన పిల్లలతో పనిచేసి తెలుసుకున్నవి ఇక్కడ రాస్తన్నా.

ముందు రిజిస్ట్రేషన్ చూడండి. ఏపీ మెడికల్ కౌన్సిల్‌లో పర్మనెంట్ రిజిస్ట్రేషన్ అయ్యుండాలి, వాళ్ళు రాసే చీటీ మీద వాళ్ళ పేరు, వాళ్ళ నంబరు, వాళ్ళ సంతకమే ఉండాలి. మీరు ముందే సంతకం పెట్టిన చీటీల మీద వాళ్ళు మందులు రాసే అలవాటు అస్సలు పెట్టొద్దు.

మొదటి వారం కన్సల్టింగ్ కుర్చీ ఇవ్వొద్దు. పొద్దున బీపీ టేబుల్ కాడ కూర్చోమనండి, ఎండలో నడిచొచ్చిన మనిషిని ఐదు నిమిషాలు కూర్చోబెట్టి, చేతికి సరిపోయే కఫ్ కట్టి, మొదటిసారి వచ్చినోళ్ళకి రెండు చేతులకీ చూడమనండి. సాయంత్రం మందుల కౌంటర్ కాడ నిలబడమనండి. మనం రాసిన ఐదు మందుల్లో డబ్బులు చాలక మూడే కొనుక్కుని పొయ్యేవాళ్ళని అక్కడ చూస్తారు, మన ఎదురుగా బుర్ర ఊపి బయటికొచ్చి కాంపౌండర్‌ని మళ్ళీ మొత్తం అడిగేవాళ్ళనీ అక్కడే చూస్తారు. ఇది ఏ వార్డులోనూ కనపడదు.

తర్వాత భాష. తెలుగు పిల్లలే కదా భాషేంది అనుకుంటారు, కానీ హాస్టళ్ళలో ఇంగ్లీష్ మీడియంలో పెరిగిన పిల్లలకి మన పల్లె మాట సగమే అర్థమవుతుంది. ఉదయగిరి వైపు నుంచి వచ్చిన పెద్దామె "ఒంటికి పోతే మంట నాయనా" అంటే ఒళ్ళు మంటలనుకుని బి కాంప్లెక్స్ రాసిన అబ్బాయిని చూశా, ఆమె చెప్పింది మూత్రంలో మంట. "నెల తప్పింది" అంటే గర్భం, ఆ మాట పట్టుకోకుండా నొప్పి మాత్రలు రాసిస్తే ఎంత ప్రమాదమో మీకు చెప్పక్కర్లేదు. "ఎగపోస్తా ఉంది" అంటే ఆయాసం. "తల తిప్పుతా ఉంది", "కడుపులో తిప్పుతా ఉంది" ఒకటి కాదు. ఒక నోటుబుక్కు ఇచ్చి పేషెంట్ ఏ మాట అన్నాడో ఆ మాటే రాయమనండి, పక్కన దాని అర్థం ఇద్దరూ కూర్చుని రాసుకోండి.

ఇక "గ్యాస్". నా తప్పు ఒకటి చెప్పాలి ఇక్కడ. కొన్నేళ్ళ కింద ఒక అమ్మాయి చేరింది, బాగా చదివే పిల్ల, మొదటి నెలలో ప్రతిదానికీ ఫోన్ చేసేది, ఒకరోజు నేను విసుక్కున్నా, ఇంత చిన్నదానికి కూడా ఫోనా అని. వారం తిరక్కముందే షుగర్ ఉన్న యాభై ఏళ్ళాయన "పొద్దుటినుంచి గ్యాస్ పట్టేసిందమ్మా" అని వస్తే గ్యాస్‌కి వేసే పాంటాప్ ఇంజెక్షన్ చేసి పంపించేసింది, అనుమానం ఉన్నా నాకు ఫోన్ చెయ్యలేదు, నేను తిడతానని. సాయంత్రం ఆయన్ని చెమటలతో మోసుకొచ్చారు, ఈసీజీ తీస్తే ఇన్ఫీరియర్ ఎంఐ, అంటే గుండె కింది భాగానికి వచ్చిన గుండెపోటు. 108లో నెల్లూరు పంపించాం, 50 కిలోమీటర్ల దారి, ఆయన బతికాడు, కానీ పొద్దున్నే నెల్లూరు పంపించాల్సిన మనిషి. ఆ అమ్మాయి ఏడుస్తా ఉంటే అప్పుడు అర్థమైంది, ఆమె నోరు మూసింది నేనే అని. అందుకే ఇప్పుడు ఎవరు చేరినా మొదటి రోజే చెప్తా, నువ్వు పదిసార్లు ఫోన్ చేసి తొమ్మిదిసార్లు ఏమీ లేకపోయినా నాకు సంతోషమే అని. చెప్పడమే కాదు, ఫోన్ ఎత్తినప్పుడు గొంతులో కూడా విసుగు ఉండకూడదు, అది పిల్లలు ఇట్టే పట్టేస్తారు.

ఎప్పుడు పిలవాలో కూడా గోడమీద పెద్ద అక్షరాలతో రాసిపెట్టండి. బొడ్డు నుంచి దవడ దాకా ఎక్కడ బరువన్నా, మంటన్నా, గ్యాసన్నా, నలభై దాటినోళ్ళకీ షుగర్ ఉన్నోళ్ళకీ పది నిమిషాల్లో ఈసీజీ, ఆ తర్వాతే మాటలు. మూతి వంకర, చెయ్యి పడిపోవడం ఉంటే ఎన్నింటికి మొదలైందో గంట రాసుకుని వెంటనే పంపించాలి, నాలుగున్నర గంటల్లోపే గడ్డ కరిగించే మందు. గర్భిణికి బీపీ 140/90 వస్తే పిలవాలి. పాలు తాగని పసిబిడ్డ, పురుగుల మందు తాగిన మనిషి, పాముకాటు వస్తే మీరు భోజనంలో ఉన్నా పిలవాలి.

పాముకాటు గురించి కొంచెం ఎక్కువ చెప్తా, మన వైపు పొలం పనులోళ్ళు ఎక్కువ కాబట్టి. కాటు పైన బిగించి కట్టుకొచ్చిన కట్టు విప్పడం ఎట్ట, కాటు పడిన కాలు కదలకుండా ఉంచడం ఎట్టో చేసి చూపించండి. రక్తపింజరి అనుమానం ఉంటే 20 నిమిషాల టెస్టు, శుభ్రంగా పొడిగా ఉన్న కొత్త గాజు ట్యూబులో 2 ఎంఎల్ రక్తం తీసి కదపకుండా పెట్టి, 20 నిమిషాలు అయ్యాక ఒక్కసారి వంచి చూడాలి, గడ్డ కట్టకపోతే విషం ఎక్కినట్టే. సబ్బుతో కడిగిన ట్యూబులో తప్పు రిజల్టు వస్తుంది, ప్లాస్టిక్ ట్యూబు పనికిరాదు, ఈ రెండూ చేత్తో చేయించాలి గానీ చెప్తే గుర్తుండవు. కట్లపాము కాటుకి నొప్పి ఉండదు, వాపు ఉండదు, రాత్రి నేల మీద పడుకున్న మనిషి తెల్లారి కడుపునొప్పి అని వచ్చి రెప్పలు వాలిపోతా ఉంటే అదే అనుకోవాలి.

రెండోవారం నుంచి పేషెంట్‌ని వాళ్ళే ముందు చూడాలి, కానీ మీ టేబుల్ పక్కనే. "పాపా, పెద్ద డాక్టర్ గారు లేరా?" అని ప్రతి రెండో మనిషీ అడుగుతాడు. అప్పుడు మీరు లేచి "ఈమె డాక్టరమ్మ, ముందు ఈమెకి చెప్పండి, నేను ఇక్కడే ఉంటా" అనండి, పేషెంట్ మీ వైపు తిరిగి చెప్తా ఉంటే మీరు జూనియర్ వైపే చూడండి, రెండు నిమిషాల్లో ఆయన కూడా అటు తిరుగుతాడు. పేషెంట్ ముందు మాత్రం ఎప్పుడూ దిద్దొద్దు. ఒక్కసారి దిద్దితే ఆ ఊరోళ్ళు ఎవరూ మళ్ళీ ఆ పిల్ల దగ్గర కూర్చోరు.

చూసొచ్చాక మనం వెంటనే జవాబు చెప్పేస్తాం, అదే పెద్ద జబ్బు మనకి. 1992లో అమెరికాలో ఫ్యామిలీ మెడిసిన్ నేర్పేవాళ్ళు వన్ మినిట్ ప్రిసెప్టర్ అని ఒక పద్ధతి రాశారు, ఓపీ రద్దీలో కూడా కుదురుతుంది. ముందు నీకేమనిపిస్తా ఉందో చెప్పు అనాలి, ఎందుకట్ట అనిపించింది అనాలి, తర్వాత ఒక్క సూత్రం చెప్పాలి, బాగా చేసింది చెప్పాలి, తప్పింది చెప్పాలి. మొదటి ప్రశ్న అడిగి మీరు ఓపికగా నోరు మూసుకుని ఉండగలిగితే మిగతావన్నీ సులువే.

ఊరు, పని, ఈ రెండూ అడగకుండా చీటీ రాయనివ్వొద్దు. కనిగిరి, పొదిలి, దర్శి వైపు నుంచి నడుం పట్టేసింది కీళ్ళు నొప్పి అని వస్తే ఏ బోరు నీళ్ళు తాగుతున్నారో అడగాలి, నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువై ఎముకలు, కీళ్ళు బిగుసుకుపోయే ఫ్లోరోసిస్‌ని మన దేశంలో మొదట గుర్తించింది 1937లో అప్పటి నెల్లూరు జిల్లాలోనే, ఆ మూడూ అప్పుడు అందులోవే. గడ్డం ఛాతీకి తాకించమనండి, వంగి కాలివేళ్ళు అందుకోమనండి, చేతులు తల వెనక్కి పెట్టమనండి, మూడింటికీ ఒక్క నిమిషం. చీమకుర్తి క్వారీలో పనిచేసే మనిషికి దగ్గు తగ్గకపోతే సిలికోసిస్ (రాతి దుమ్ముతో ఊపిరితిత్తులు పాడయ్యే జబ్బు), టీబీ రెండూ చూడాలి. వారం దాటిన జ్వరంలో చొక్కా విప్పించి చంకలు, గజ్జలు, రొమ్ము కింద నల్ల చెక్కు ఉందేమో వెతకడం నేర్పండి, చిన్న పురుగు కుట్టి వచ్చే స్క్రబ్ టైఫస్ జ్వరం గుర్తు అక్కడే దాక్కుంటుంది.

ప్రతి పేషెంట్ చేతిలో ప్లాస్టిక్ కవరు ఉంటుంది కదా, దాన్ని టేబుల్ మీద గుమ్మరించమనండి. రెండు డాక్టర్ల బీపీ బిళ్ళలు, ఊళ్ళో ఎవరో ఇచ్చిన డెక్సా అనే స్టెరాయిడ్, నెలల తరబడి మింగతన్న డైక్లో నొప్పి బిళ్ళలు, అన్నీ అందులోనే ఉంటాయి. సూదెయ్యలేదని అలిగేవాళ్ళకి జూనియర్ సూది వద్దంటే మీరు వెనకనించి వచ్చి వేసెయ్యొద్దు, అట్ట చేస్తే ఆరు నెల్లు నేర్పింది ఆ ఒక్క సూదితో పోతుంది.

రాత్రి క్లినిక్ మూసేముందు రోజుకి మూడు కేసులు, పది నిమిషాలు చాలు. వారానికి ఒకరోజు మధ్యాహ్నం ఆ వారం చూసినోళ్ళకి జూనియర్ చేతే ఫోన్ చేయించండి, జ్వరం తగ్గిందా, మాత్రలు వేసుకుంటన్నారా అని. తాము రాసిన మందు పనిచేసిందో లేదో తెలియకుండా ఎవరూ డాక్టర్ కాలేరు. జీతం ఒకటో తారీఖునే ఇవ్వండి, పరీక్షకి రెండు నెలల ముందునుంచి సాయంత్రాలు వదిలెయ్యండి, ఎట్టాగూ వెళ్ళిపోతారు కదా అని నేర్పకుండా ఉండొద్దు.

వెళ్ళేటప్పుడు ఆ మాటల నోటుబుక్కు మాత్రం వెనక్కి తీసుకోండి. మా క్లినిక్‌లో అది నాలుగో చేతికి వచ్చింది, మొదటి పేజీలో "ఒంటికి" అని ఆ అబ్బాయి రాతే ఇంకా ఉంది.